ఆకుపచ్చ అట్ట పుస్తకంలో ఇద్దరు మనుషులు

మీరు గంటలో ఎంత దూరం నడవగలరు? నిజం చెప్పండి. పదేళ్ల కిందట నడిచిన దూరం వద్దు. డాక్టరుకు చెప్పే దూరం అసలే వద్దు. ఇవాళ, ఈ కాళ్లతో, ఎక్కుడు దారిలో, వీపున నీళ్ల సీసా మోస్తూ ఎంత దూరం?

చాలామంది ఈ ప్రశ్నకు తమకు తెలియకుండానే అబద్ధం చెబుతారు. ఎవరినీ మోసం చేయాలని కాదు. మనిషి తన నడకను చివరిసారి కొలుచుకున్నది ఏ పాతికేళ్ల వయసులోనో. ఆ అంకెనే జీవితాంతం జేబులో వేసుకుని తిరుగుతాడు. అలాంటి అబద్ధం ఒక్కటి కూడా అచ్చులో పడకూడదని ముప్ఫై ఒక్క ఏళ్లు పంతం పట్టిన మనిషి కథ ఇది. ఆ పంతం వల్లనే ఆ అబద్ధం అచ్చులో పడింది. అది ఎలాగో తెలియాలంటే ముందు ఆ మనిషి తెలియాలి.

ఆమెను ఊరంతా దారుల పిన్ని అంటారు. ఊరికి బస్సులో ముప్పావు గంట దూరంలో ఒక పెద్ద అడవి ఉంది. ప్రభుత్వ కాగితాల మీద అది జాతీయ ఉద్యానవనం. ఊరివాళ్లకు ఉత్త అడవి. పిన్ని నడిపే ప్రచురణ సంస్థ ఆ ఒక్క అడవి గురించే పుస్తకాలు వేస్తుంది: దారుల పుస్తకం, మడతపెట్టే పటం, పక్షుల చిన్న పుస్తకం. వీటిలో ప్రాణం మొదటిదే. ఆకుపచ్చ అట్ట, చొక్కా జేబులో పట్టే కొలత, ముప్ఫై దారులు. "సముద్రం గురించి కూడా ఒకటి వెయ్యరాదా పిన్నీ, పని ఎలాగూ చేతికొచ్చింది కదా," అని పుస్తకాల దుకాణం ఆయన ఒకసారి సలహా ఇచ్చాడు. "కట్టుకున్నది ఒక్కణ్ణే, రాసేది ఒక్కదాని గురించే. రెంటితోనూ సరిపోతోంది," అని పిన్ని పుస్తకాల కట్ట ఆయన చేతిలో పెట్టి మెట్లు దిగింది.

పెళ్లయిన కొత్తలో ఆమె అడవి గేటు దగ్గర టిక్కెట్లు అమ్మేది. భర్త ఊరికీ గేటుకూ మధ్య తిరిగే బస్సు డ్రైవరు. టిక్కెట్టు కొన్న ప్రతివారూ కిటికీలోకి వంగి అడిగే ప్రశ్న ఒకటే: సరస్సు దాకా వెళ్లిరావడానికి ఎంతసేపు పడుతుంది? బోర్డు మీద కిలోమీటర్లు ఉండేవి. కాని కిలోమీటరు చదునులో ఒకటి, ఎక్కుడులో మరొకటి, వాన వెలిసిన మర్నాడు ఇంకొకటి. దూరం ఎంతో బోర్డు చెప్పేది గాని, ఆరుగంటల ఆఖరి బస్సును అందుకుంటారో లేదో చెప్పేది కాదు. అందుకోనివాళ్ల కోసం డ్రైవరు ఆగేవాడు. ఆగినందుకు డిపోలో చీవాట్లు తినేవాడు.

"మీ అడవి పొద్దున మనుషుల్ని మింగుతుంది, సాయంత్రం తీరుబడిగా కక్కుతుంది. తిట్లు మాత్రం నాకు," అన్నాడు ఒకరోజు. "ఏ దారికి ఎంతసేపు పడుతుందో ఎవరైనా రాసిపెట్టొచ్చు కదా."

"ఎవరు రాస్తారండీ?"

"కిటికీలో కూచుని కూచుని కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని రోజూ నా దగ్గర మొత్తుకునే మనిషి ఒకావిడ ఉంది. ఆవిణ్ణి అడుగు."

అలా మొదలైంది. సెలవురోజున భర్త చేతిగడియారం పెట్టుకుని, వందపేజీల నోటుపుస్తకం పట్టుకుని ఒక్కో దారీ నడిచింది. అప్పుడామెకు ముప్ఫై మూడేళ్లు. మొదటి కూర్పులో ఎనిమిది దారులు, పదహారు పేజీలు. ఆ పదహారు పేజీలు చేతిలో ఉన్నవాళ్లు ఆరుగంటల బస్సుకు ముందే వచ్చి నిలబడడం డ్రైవరు అద్దంలో చూశాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "నీ పుణ్యమా అని ఇవాళ తిట్లు లేవు," అన్నాడట. ఆమె అందుకున్న మొదటి సమీక్ష అది. అంతకంటే మంచిది తర్వాత రాలేదని ఇప్పటికీ అంటుంది.

సంస్థ ఉన్నది సైకిల్ షాపు మీది రెండు గదుల్లో. పదిహేడు మెట్లు ఎక్కితే ముందుగదిలో గోధుమరంగు కాగితం, పురికొస, జిగురు వాసన. లోపలిగదిలో వాలుబల్ల, దాని ముందు పిన్ని మరిది. ఆయన పురపాలక సంఘంలో నీళ్ల గొట్టాల పటాలు గీసి రిటైరైన మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అడవి పటాలు గీస్తున్నాడు, సెలవుల్లో మొదలుపెట్టి. ఒక్కసారి కూడా గేటు దాటి లోపలికి వెళ్లలేదు. పాములంటే భయం.

"నీ పటం ఒకటి పాముల చేతికిస్తే చాలు మరిదీ," అనేది పిన్ని, "దారి తప్పి అవే పారిపోతాయి."

"నా పటం చూసి ఒక్కడు దారి తప్పాడని చూపించు వదినా, రేపే అడవిలోకి వస్తా," అనేవాడు ఆయన. ఎవరూ తప్పలేదు గనుక ఆయన ఎన్నడూ రాలేదు.

మరిది కూతురు మూడేళ్ల కిందట వచ్చి చేరింది. కంప్యూటరు మీద పేజీలు పేరుస్తుంది. ఇరవై నాలుగేళ్లు. నడుస్తోందో పరుగెడుతోందో పక్కవాళ్లకు తెలియని నడక.

ఇక్కడి పద్ధతులు వేరే ఎక్కడా కనిపించవు. పుస్తకం చివర ఒక పోస్టుకార్డు కుట్టి ఉంటుంది. దాని మీద "ఇందులో తప్పేమిటి?" అన్న ఒక్క ప్రశ్నే అచ్చువేసి ఉంటుంది. తప్పు పట్టి రాసినవారికి తర్వాతి కూర్పు ఉచితం. వారి పేర్లు ఆఖరి పేజీలో "తప్పు పట్టినవారికి నమస్కారం" అన్న శీర్షిక కింద పడతాయి. మెచ్చుకుంటూ రాసినవారికి ఒక ముక్క జవాబు వెళుతుంది, ఆ కార్డు బల్లకింద చెప్పుల పెట్టెలో పడుతుంది. మెప్పు వల్ల మర్నాడు ఎవరికీ దారి కనబడదని పిన్ని వాదన.

రెండో పద్ధతి ఇంకా కఠినమైనది. ఏ దారినైనా మళ్లీ కొలిచేటప్పుడు పాత అంకెను చూడకూడదు. "అంకె చూసి నడిస్తే కాలు అంకె కోసమే నడుస్తుంది," అంటుంది. ఆగినచోట ఆగి, కూచున్నచోట కూచుని, ఆ నిమిషాలు కూడా కలిపి, వచ్చిన కాలాన్ని తిన్నగా మరిది బల్ల మీద పెట్టడమే. ఆమె పాతది చూడదు. ఆయన ఎందుకని అడగడు.

మూడోది అట్ట వెనక ఉన్న వాక్యం. మొదటి కూర్పు నుంచి ఒక్క అక్షరం మారలేదు: "ఈ పుస్తకంలోని ప్రతి గంటా ఒకే మనిషి నడిచిన గంట." మీరు ఆ మనిషి కంటే వేగంగా నడుస్తారో, మెల్లగా నడుస్తారో ఒక్క దారిలో తేల్చుకుంటే చాలు, మిగతా ఇరవై తొమ్మిదింటికీ మీ లెక్క మీరే వేసుకోవచ్చు. పుస్తకం మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. కొన్న ప్రతి మనిషికీ అచ్చులో ఇచ్చిన మాట అది. పక్కన సాక్షుల సంతకాలు లేనంత మాత్రాన చెల్లకపోదు.

ఆరో కూర్పు పేజీలు సిద్ధమయ్యాయి. అడవి తెరిచే కాలానికి ముందు ప్రెస్సాయన పిన్ని కోసం ఏటా ఒక సోమవారం యంత్రం ఖాళీగా ఉంచుతాడు. అది తప్పితే మళ్లీ కాలం ముగిసేదాకా దొరకదు. అయిదో కూర్పు ప్రతులు అయిపోయాయి. సోమవారానికి ఇంకా ఆరు రోజులున్నాయనగా, మంగళవారం టపాలో ఒక కవరు వచ్చింది. కార్డు చాలక కాగితం జతచేశారు. మరిది కూతురు పైకి చదివింది.

"అమ్మా, మేం అక్కచెల్లెళ్లం. ఇద్దరం బడిపంతుళ్లుగా చేసి రిటైరయ్యాం. అక్కకు డెబ్బై ఒకటి, నాకు అరవై ఎనిమిది. ముందుగా మీకు కృతజ్ఞతలు. మాబోటివాళ్లు కూడా అడవిలోకి వెళ్లవచ్చునని మీ పుస్తకం చూశాకే తెలిసింది. మొదటిరోజు జంట వాగుల దారి నడిచాం. మూడు గంటల పది నిమిషాలని రాశారు. మాకు మూడు గంటల పన్నెండు పట్టింది. ఆ రెండు నిమిషాలూ నా బూటులో దూరిన రాయివి. ఆ ధైర్యంతో రెండోరోజు గాలి గుట్ట దారి పట్టాం. రెండు గంటల యాభై నిమిషాలని ఉంది. మాకు అయిదుంబావు పట్టింది. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. చెక్‌పోస్టు గార్డు తన గది మాకిచ్చి తాను వరండాలో పడుకున్నాడు. అతనికి మా నమస్కారాలు అందజేయండి.

తప్పు రాయమన్నారు కనుక రాస్తున్నాం. మీ పుస్తకంలో ఇద్దరు మనుషులు నడుస్తున్నారు. ఒకామె మా పక్కనే నడుస్తుంది. ఎక్కడ నీడ ఉందో, ఏ రాయి మీద కూచోవచ్చో చెబుతుంది. ఇంకొకామె ముందు వెళ్లిపోతుంది, వెనక్కి తిరిగి చూడదు. ఏ పేజీలో ఎవరున్నారో వచ్చే కూర్పులో దయచేసి తెలపండి. మేం మొదటామెతోనే వెళతాం."

కింద షాపులో ఎవరో టైరుకు గాలి కొడుతున్నారు. పిన్ని లేచి బీరువా తెరిచి అయిదు కూర్పులూ తీసి బల్ల మీద వరసగా పరిచింది. పాత అంకె చూడకూడదన్న నియమాన్ని ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి తప్పింది.

సంగతి బయటపడడానికి పావుగంట పట్టలేదు. అయిదో కూర్పుకు ముందు ఒక పెద్ద గాలివాన వచ్చింది. చెట్లు కూలి, సరస్సు వైపున్న పంతొమ్మిది దారులను అటవీశాఖ కొద్దికొద్దిగా మళ్లించింది. ఆ పంతొమ్మిదింటినీ ఆమె మళ్లీ నడిచింది. గుట్టల వైపున్న పదకొండూ చెక్కుచెదరలేదు గనుక వాటి అంకెలు పాతవే ఉండిపోయాయి. మళ్లీ నడిచే ఏడాదికి ఆమెకు యాభై తొమ్మిది. కుడిమోకాలు అప్పటికే మొరాయించడం మొదలుపెట్టింది. జంట వాగుల దారి నాలుగో కూర్పులో రెండు గంటల పది నిమిషాలు; అయిదులో మూడు గంటల పది. గాలి గుట్ట మాత్రం మొదటి కూర్పు నుంచి అదే రెండు గంటల యాభై.

"అంకెలన్నీ పెరిగాయి కదా, నీకు అనుమానం రాలేదా మరిదీ?"

"దారి మళ్లించారన్నావు. సాగిందేమో అనుకున్నా." మరిది కళ్లజోడు తీసి తుడిచాడు. "సాగింది దారి కాదని నాకెలా తెలుస్తుంది వదినా? నువ్వు మెట్లెక్కుతున్నప్పుడు మధ్యలో ఆగి సైకిల్ షాపాయనతో కబుర్లాడుతుంటే, పోనీలే, మంచిదానివనుకున్నా."

పిన్నికి నవ్వు రాబోయి ఆగింది. ఆ కబుర్లు ఎందుకో ఆమెకూ అంతవరకు తెలియదు. మోకాలు నొప్పి వేరు, నడక వేరు అనుకుంది. నిజం కనబడకుండా అడ్డుపడింది నిజం కోసం పెట్టుకున్న నియమమే.

"దీనికింత బాధెందుకు?" అన్నాడు మరిది. "పదకొండు అంకెల్నీ ఒకటిన్నరతో హెచ్చవేస్తే సరి. సాయంత్రంలోగా పటంలో మార్చి పారేస్తా."

"నువ్వు గీసేది నీళ్ల గొట్టం కాదు. నీళ్లు ఎక్కలేవు గాని దిగడం క్షణంలో పని. మోకాలు అలా కాదు, ఎక్కుతుంది గాని దిగదు. ఒకే అంకెతో రెండూ ఎలా హెచ్చవేస్తావు?"

"అయితే నేను నడిచొస్తా పెద్దమ్మా," అంది మరిది కూతురు. "నాలుగు రోజుల్లో పదకొండూ అయిపోతాయి."

"నువ్వు నడిస్తే ఆ పంతులమ్మలు ఈసారి చెక్‌పోస్టు దాకా కూడా రారే తల్లీ."

"పోనీ అట్ట వెనక ఆ వాక్యం తీసేద్దాం. ఎవరు చదువుతారు దాన్ని?"

"ఇద్దరు చదివారు," అంది పిన్ని, కాగితం మడిచి.

బుధవారం పొద్దున మొదటి బస్సుకు ఆమె గాలి గుట్టకు బయల్దేరింది. మరిది కూతురు వెంట వచ్చింది, షరతులతో. గడియారం, నోటుపుస్తకం ఆ పిల్ల దగ్గరే ఉండాలి, టైము ఎంతైందో చెప్పకూడదు, ముందుకు రాకూడదు. "నీడలా వెనకాలే నడువు."

"నీడ కూడా అప్పుడప్పుడు ముందుకొస్తుంది పెద్దమ్మా."

"అది సాయంత్రం మాట. అప్పటికి చూద్దాం."

ఎక్కుడు ఆమె అనుకున్నంత కష్టం కాలేదు. మెల్లగా, ఒకే తూకంతో, ఊపిరి మాట వింటూ ఎక్కింది. వెనక ఆ పిల్ల ప్రతి మలుపులోనూ బూటు నేలకేసి కొట్టుకుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది. శిఖరానికి కొంచెం ఇవతల, దారికి ఎడమపక్క, వీపు ఆన్చుకోవడానికి వీలుగా ఒక బల్లపరుపు రాయి ఉంది. పిన్ని దాని మీద కూచుంది. కూచున్నాక చూస్తే, రెండు కొండల సందులోంచి కింద సరస్సు, దాని మీద ఆ పొద్దుటి వెలుగు, చేతిలోకి తీసుకోవచ్చన్నంత దగ్గరగా కనబడింది. నిలబడితే అడ్డుగా పొద ఉంది. కూచున్నవాళ్లకే ఆ సరస్సు.

ఈ దారిలో ఆమె ముందు కనీసం ఇరవైసార్లు వచ్చింది. ఆ రాయి మీద ఎన్నడూ కూచోలేదు. ముప్ఫై మూడేళ్ల ఆ మనిషికి కూచోవలసిన అవసరం రాలేదు. తను రాసిన పేజీ గుర్తొచ్చింది: "ఎక్కుడు కొంచెం నిటారు. పైన గాలి బాగుంటుంది." అంతే. రెండు వాక్యాలు విసిరి ముందుకెళ్లిపోయింది ఆవిడ. పంతులమ్మలు సరిగ్గానే పట్టుకున్నారు.

"ఆరుసార్లు వచ్చాను ఇక్కడికి," అంది మరిది కూతురు, వచ్చి పక్కన కూచుంటూ. షరతు తప్పిన సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు. "ఈ రాయి ఉన్నట్టే తెలీదు నాకు."

"నాకూ తెలీదు. రాసుకో."

దిగుడు దగ్గర తేలింది అసలు లెక్క. గులకరాళ్ల వాలు. ఒక్కో అడుగూ పక్కవాటుగా వేస్తూ, కర్ర ముందు దించి, తర్వాత ఎడమకాలు, ఆ తర్వాత కుడికాలు. పదేపదే ఆగింది. ఒకచోట నేల మీద చతికిలబడి, పిల్లలు జారుడుబల్ల దిగినట్టు నాలుగు గజాలు జారింది. వెనక నవ్వు వినబడితే, "నవ్వు, నవ్వు. ఇది కూడా రాసుకో," అంది. ఆ పిల్ల నవ్వుతూనే రాసింది. ఆ తర్వాత బూటు చప్పుడు మానేసింది. దిగినంతసేపూ పెద్దమ్మ చేయి ఎక్కడ ఆనుకోవాలో చూస్తూ దిగింది.

చెక్‌పోస్టులో గార్డు స్టూలు తెచ్చి వేశాడు. ఆ అక్కచెల్లెళ్లకు గది ఇచ్చింది ఇతనే. పిన్ని వాళ్ల నమస్కారాలు అందజేసి, "నా పుస్తకాన్ని బాగా తిట్టుకుని ఉంటారు కదూ," అంది.

"తిట్టలేదు పిన్నిగారూ. తలకింద పెట్టుకుని పడుకున్నారు. దిండు ఒకటే ఉంది నా దగ్గర."

మరిది కూతురు గడియారం చూసి, ఇక చెప్పవచ్చా అన్నట్టు ముఖం పెట్టింది. పిన్ని తలూపింది.

"అయిదు గంటల ఇరవై నిమిషాలు. ఎక్కడానికి రెండు గంటల చిల్లర. మిగతాదంతా దిగడానికే."

"నాకంటే అయిదు నిమిషాలు ముందే వచ్చారన్నమాట పంతులమ్మలు," అంది పిన్ని.

గురువారం ఆమె చేసిన పని ఎవరూ ఊహించనిది. బల్లకింది చెప్పుల పెట్టె బయటికి లాగింది. మెప్పుల కార్డులు. ముక్క జవాబు రాసి అందులో పడేయడమే గాని, వాటిని కుదురుగా చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు అయిదో కూర్పు తర్వాత వచ్చినవి వేరుచేసి ఒక్కొక్కటే చదివింది. గుండె ఆపరేషను అయ్యాక మొదటిసారి ఇల్లు దాటిన ఒకాయన సరస్సు చుట్టూ నడిచాడు: "మీరు చెప్పిన నాలుగు బెంచీల మీదా కూచున్నాను. డాక్టరు మూడే చాలన్నాడు." ఏడోనెల కడుపుతో ఉన్న ఒకామె: "మీ పేజీ పట్టుకుని వెళ్లాను, మీ గంటకే తిరిగొచ్చాను. అమ్మాయి పుట్టింది, నడక మొదలెట్టగానే తీసుకొస్తాను." కంటిచూపు లేని భర్తను చేయిపట్టి నడిపించిన ఒక భార్య రాసిన కార్డు ఉంది, ఆ కార్డు అడుగున ఆయన సంతకం, వాక్యం మీదికి ఎక్కి.

"పెద్దమ్మా, ఇవన్నీ ఏ దారులో చూశావా?" అంది మరిది కూతురు. పుస్తకం తెరిచి ఒక్కో కార్డుకూ పేజీ వెతికింది. ఒక్కటి తప్పకుండా అన్నీ ఆ పంతొమ్మిదిలోవే. గుట్టల పదకొండు దారుల మీద మెప్పు ఒక్కటి లేదు.

పిన్ని కార్డులన్నీ ఒక దొంతరగా సర్దింది. ఇన్నేళ్లూ తప్పు పట్టినవాళ్లకే నమస్కారం పెట్టింది. కృతజ్ఞత చెప్పినవాళ్లను చెప్పుల పెట్టెలో పెట్టింది. ఆ మోకాలు ఆమెకు తెలియకుండా ఇంతమందిని అడవిలోకి తీసుకెళ్లింది, తిరిగి తీసుకొచ్చింది. ఆ మోకాలినే ఆమె అయిదేళ్లుగా తిట్టుకుంటోంది.

తేలవలసింది మాత్రం ఇంకా మిగిలే ఉంది. సోమవారం పేజీలు ఇవ్వకపోతే ఈ కాలానికి పుస్తకం ఉండదు. గేటు దగ్గర దుకాణంలో ఆకుపచ్చ అట్ట ఉండే చోట, ఎక్కడో కూచుని అడవిని వర్ణించిన నిగనిగలాడే దళసరి పుస్తకం ఒకటి నిలబడుతుంది. ఇస్తే, పదకొండు దారుల్లో ముందు పరుగెత్తే మనిషి అలాగే ఉండిపోతుంది. ఇదొక్కటే అయితే తేల్చడం కష్టమయ్యేది కాదు. ఆ పరుగెత్తే మనిషి తనే. రెండు గంటల యాభై నిమిషాల్లో గాలి గుట్ట ఎక్కి దిగిన ముప్ఫై మూడేళ్ల మనిషికి మిగిలిన ఆనవాలు ఆ పదకొండు అంకెలే. వాటిని కొట్టివేయడానికి చేయి రావడం లేదు.

శుక్రవారం రాత్రి అన్నాల దగ్గర సంగతంతా భర్తకు చెప్పింది. డ్రైవరు మాట్లాడడానికి తొందరపడే మనిషి కాదు. ముప్ఫై ఏళ్లు అద్దంలో చూసి బండి నడిపినవాడు.

"నువ్వప్పుడు బాగా నడిచేదానివి," అన్నాడు కాసేపటికి. "నేను పరుగెత్తలేక చచ్చేవాణ్ణి. అది నాకు తెలుసు, పుస్తకంలో ఉండక్కర్లేదు."

"అందరికీ తెలియాలని కాదండీ."

"ఆరుగంటల బస్సులో అయిదున్నరకే వచ్చి కూచునేవాళ్లు ఉండేవాళ్లు గుర్తుందా? వాళ్లకు నాతో పనేముంది? వేరుశనక్కాయలు వలుచుకుంటూ కూచునేవాళ్లు. నేను అద్దంలో చూసేది చివర వచ్చేవాళ్ల కోసం. బస్సు టైము అనేది వాళ్ల కోసమే పెట్టారే. ముందొచ్చేవాడు ఎలాగూ ముందే వస్తాడు." మంచినీళ్లు తాగి గ్లాసు పెట్టాడు. "నువ్వు పుస్తకం రాసింది కూడా వాళ్ల కోసమే అనుకున్నా నేను. నా తిట్లు తప్పించడానికి."

ఆమె లేచి కంచాలు తీసింది.

శనివారం పొద్దున మెట్లెక్కుతూ తొమ్మిదో మెట్టు మీద ఆగింది. ఈసారి సైకిల్ షాపాయనతో కబుర్లు కల్పించుకోలేదు. "మోకాలు నొప్పయ్యా, కాసేపాగి ఎక్కుతా," అంది. ఆయన లేచి స్టూలు తెచ్చి మెట్ల మలుపులో వేశాడు. "ఎప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నా పిన్నీ. మీరు వస్తే కబుర్లకే అనుకుని ఊరుకున్నా."

పైకి వెళ్లి ప్రెస్సాయనకు ఫోను చేసింది.

"సోమవారం మా కోసం ఆగకండి. ఆరో కూర్పు ఈ ఏడు రాదు."

అవతల ఆయన ఏదో అడిగాడు. "లేదండీ, పేజీలు రెడీగానే ఉన్నాయి. మనిషే రెడీగా లేదు. పదకొండు దారులు నడవాలి. నా నడకకు కాలమంతా పడుతుంది." ఇంకేదో అడిగాడు. "ఉండనివ్వండి. ఆ దళసరి పుస్తకం తలకింద పెట్టుకోవడానికి బాగుంటుందట."

ఫోను పెట్టేసి, మరిది కూతురికి పనులు చెప్పింది. గేటు దగ్గర దుకాణానికి ఒక కాగితం అచ్చువేసి పంపాలి: పాత పుస్తకం చేతిలో ఉన్నవాళ్లు గుట్టల వైపు పదకొండు దారుల గంటలను నమ్మవద్దని. పంతులమ్మలకు ఉత్తరం తను రాస్తుంది. చెప్పుల పెట్టెలోని పేర్లన్నీ రాసి పెట్టాలి. ఆరో కూర్పు ఆఖరి పేజీలో రెండు నమస్కారాలు ఉంటాయి, రెండోది వాళ్లకు.

"నాకేం పని వదినా?" అన్నాడు మరిది, వాలుబల్ల దగ్గర్నుంచి.

"నీకు బూట్లు కొనాలి. ఆ రాయి మీద కూచుంటే కనబడే సరస్సును నేను చెబితే గీయలేవు, నువ్వే కూచోవాలి. నీ పటం చూసి ఒక్కరు దారి తప్పితే అడవిలోకి వస్తానన్నావు. నా గంట చూసి ఇద్దరు తప్పారు. లెక్క సరిపోయింది."

"పాములు?"

"నేను నడిచే వేగానికి విసుగెత్తి అవే వెళ్లిపోతాయి."

మరిది కూతురు అట్ట వెనక పేజీని కంప్యూటరు మీద తెరిచి, ఆ వాక్యం దగ్గర ఆగి, పెద్దమ్మ వంక చూసింది. తీసెయ్యనా అని అడగలేదు. పిన్ని వచ్చి ఆమె భుజం మీదుగా వంగి చూసింది. మొదటి వాక్యంలో ఒక్క అక్షరం మార్చవద్దంది. దాని కింద ఇంకొకటి చేర్చమంది. చెప్పింది చెప్పినట్టు ఆ పిల్ల కొట్టింది:

"ఈ పుస్తకంలోని ప్రతి గంటా ఒకే మనిషి నడిచిన గంట. ఆ మనిషికి కుడిమోకాలు నొప్పి."